గేట్లు, అద్దెలు, మామూళ్ళు: ఇటలీ ఊళ్ళలో ఒక మే నెల

మున్సిపల్ ఆఫీసులో పన్నుల సెక్షన్‌లో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఏ ఊరెళ్ళినా నా కళ్ళు ముందు కాలవల మీద, చెత్తబళ్ళ మీద, ఇంటి నంబర్ల మీద పడతాయి. గోపురాలు తర్వాత. మా మేనల్లుడు బొలోన్యాలో చదువుతున్నాడు. వాణ్ణి చూసే వంకతో మా ఆవిడా నేనూ 2025 మేలో ఇటలీని పైనుంచి కిందిదాకా చుట్టొచ్చాం. మ్యూజియాల గురించి రాసేవాళ్ళు బోలెడంతమంది ఉన్నారు కాబట్టి వాటి జోలికి పోను. ఊరు ఎవరిది, అందులో ఎవరుండొచ్చు, ఎవరు ఎవరికి ఎంత కట్టాలి? మా సెక్షన్‌లో రోజూ నలిగిన గొడవలే అక్కడా కనిపించాయి. కాకపోతే అక్కడ వాటికి వందల ఏళ్ళ వయసు.

మే 9, శుక్రవారం. వెనిస్

స్టేషన్ మెట్లు దిగగానే ఎదురుగా పెద్ద కాలవ, పక్కనే టికెట్లు చూసేవాళ్ళు. పడవకి కాదు, ఊరికి టికెట్. 2024 ఏప్రిల్ 25న మొదలుపెట్టారు. రద్దీ రోజుల్లో పొద్దున 8:30 నుంచి సాయంత్రం 4 దాకా ఊళ్ళోకొచ్చి, రాత్రికి ఉండకుండా పోయేవాళ్ళు 5 యూరోలు కట్టాలి. 2025లో ఆ రోజుల్ని 54 చేసి, ఆలస్యంగా బుక్ చేసుకుంటే 10 యూరోలన్నారు. అప్పట్లో యూరో 95 రూపాయల పైమాటే. మేం బస చేసింది మెస్త్రేలో. అదీ వెనిస్ మున్సిపాలిటీ కిందికే వస్తుంది కాబట్టి మాకు మినహాయింపు. ఆ మినహాయింపుకి కూడా ముందే నమోదు చేసుకుని క్యూఆర్ కోడ్ చూపించాలి.

"ఊరికి టికెట్టేంటండీ, ఇదేమన్నా ఎగ్జిబిషనా?" అంది మా ఆవిడ.

మొదటి ఏడాది 29 రోజుల్లో దీనిమీద 24 లక్షల యూరోల దాకా వచ్చాయి. జనం మాత్రం తగ్గలేదు. పన్నులవాడిగా నాకు తోచింది చెబుతా: అయిదు యూరోలకి వెనక్కి తిరిగే మనిషి ఇంత దూరం రాడు. ఫీజు పెట్టింది రద్దీ ఆపడానికని పైకి చెబుతారు గానీ, రాబడి అలవాటయ్యాక ఏ మున్సిపాలిటీ వదులుకుంటుంది?

రియాల్తో వంతెన దగ్గర సాన్ బర్తలమేయో చౌకులో ఒక మందుల షాపుంది. దాని అద్దాల వెనక ఎర్ర అంకెల బోర్డు. ఈ దీవుల్లో ఇంకా ఎంతమంది నివాసులు మిగిలారో చూపిస్తుంది. 2008 నుంచీ అక్కడే ఉంది. 1951లో పాత వెనిస్‌లో లక్షా 75 వేలమంది ఉండేవాళ్ళు. 2022లో 50 వేల కిందికి పడిపోయారు. మేం చూసినప్పుడు 48 వేల చిల్లర. 2023లోనైతే టూరిస్టుల మంచాల సంఖ్య నివాసుల సంఖ్యని దాటేసింది. ఆ బోర్డు ముందు నిలబడి జనం సెల్ఫీలు తీసుకుంటున్నారు.

అక్కణ్ణుంచి యూదుల వాడకి వెళ్ళాలని బయల్దేరాం. ఫోన్ చూపించిన సందు నేరుగా నీళ్ళలోకి దిగింది. వెనక్కి తిరిగి ఇంకో సందులోకి వెళ్తే ఒక వంతెన. మెట్ల దగ్గర డెబ్బై దాటిన ఒకావిడ చక్రాల సంచీతో ఆయాసపడుతోంది. సంచీ నేను ఎత్తాను. అందులో బంగాళాదుంపలు, పాలు, పిల్లికి తిండి డబ్బాలు. వచ్చీరాని ఇంగ్లీషులో ఆవిడ చెప్పింది ఇదీ: ఇంటికింద ఉన్న కూరగాయల కొట్టు మూసేసి మాస్కులమ్మే కొట్టు పెట్టారు, ఇప్పుడు పాలకి మూడు వంతెనలు ఎక్కి దిగాలి. వెళ్ళేటప్పుడు మా ఇద్దరికీ దారి కూడా ఆవిడే చూపించింది, అదీ మెట్లు తక్కువున్న దారి.

మధ్యాహ్నం ఒక చిన్న బార్లో నిలబడే తిన్నాం. నిలబడితే ఒక రేటు, కూర్చుంటే ఇంకో రేటు అక్కడ. రొట్టెముక్క మీద వెన్నలా గిలకొట్టిన ఎండుచేప పెట్టిచ్చేది ఒక్కోటి 2 యూరోలు. మా ఆవిడ ఉడికించిన గుడ్డు ముక్కలతో సరిపెట్టుకుంది. పడవెక్కితే ఒక్కొక్కళ్ళకి 9.50 యూరోలు, అందుకని ఊరంతా నడకే. కూర్చుందామంటే బల్లలు అరుదు, చౌకు మెట్ల మీద కూర్చుంటే ఫైన్.

యూదుల వాడ చౌకు చాలా నిశ్శబ్దంగా ఉంది. చుట్టూ ఇళ్ళు మాత్రం వెనిస్‌లో ఇంకెక్కడా లేనంత ఎత్తు, ఆరేడు అంతస్తులు. కిటికీలు లెక్కపెట్టి చూడండి, ఒక అంతస్తు ఎత్తులో రెండు వరసలు కనిపిస్తాయి. 1516లో వెనిస్ ప్రభుత్వం యూదులంతా ఈ ఒక్క దీవిలోనే ఉండాలంది. రాత్రయితే గేట్లు మూసేవాళ్ళు. కాపలావాళ్ళ జీతాలు కూడా లోపల బందీ అయినవాళ్ళ చేతే కట్టించుకున్నారు. జనం పెరిగారు, జాగా పెరగలేదు, ఇక పైకి కట్టుకుంటూ పోయారు. 1797లో నెపోలియన్ సైన్యాలు వచ్చాక ఆ గేట్లు పోయాయి. 1943 డిసెంబర్లో, 1944లో ఇక్కడివాళ్ళని నాజీ శిబిరాలకి పట్టుకుపోయారు. గోడకి ఆ సంగతి చెప్పే కంచు పలకలున్నాయి. దారిలో గుమ్మాల ముందు అరచేతంత ఇత్తడి బిళ్ళలు, ఒక్కోదాని మీద పట్టుకుపోయినవాళ్ళలో ఒక్కో పేరు. మా ఆవిడ వాటి మీద కాలు పడకుండా పక్కపక్కగా నడిచింది.

మే 10, శనివారం. మెస్త్రే

వెనిస్‌ని ఊడ్చేవాళ్ళు, అక్కడి హోటళ్ళలో గిన్నెలు కడిగేవాళ్ళు రాత్రికి ఉండేది ఇక్కడ. వంతెన దాటిన బస్సుకి టికెట్ 1.50 యూరోలే. స్టేషన్ దగ్గర వయా పియావే వీధిలో సగం బోర్డులు బెంగాలీలో ఉన్నాయి. మొబైల్ కొట్టు, మంగలి షాపు, హలాల్ మాంసం, డబ్బు పంపే కౌంటరు. ఒక బంగ్లాదేశీ హోటల్లో అన్నం, పప్పు, చేపల పులుసు కలిపి 8 యూరోలు. కొపెర్తో లేదు. ఇటలీలో బల్ల దగ్గర కూర్చున్నందుకు, రొట్టె పెట్టినందుకు తలకి రెండు మూడు యూరోలు వేస్తారు, అదే కొపెర్తో. వెనిస్‌లో వేసిన బిల్లు చూసి నేను ఇంకా తేరుకోలేదు.

ఓనరు హిందీలో మాట్లాడాడు. పక్కనే మార్గెరాలో ఓడలు కట్టే యార్డు ఉంది, మా వాళ్ళు చాలామంది అందులో కాంట్రాక్టర్ల కింద వెల్డింగు, పెయింటింగు పని చేస్తారన్నాడు. ఆ కంపెనీదే ఇంకో పెద్ద యార్డు మోన్‌ఫల్కోనే ఊళ్ళో ఉంది, అక్కడ ఇంకా ఎక్కువమంది ఉన్నారట. ఆ ఊళ్ళో క్రికెట్ ఆడితే 100 యూరోల దాకా జరిమానా పడుతుంది. పాత్రికేయులు వెళ్ళి రాసిన సంగతే ఇది, పుకారు కాదు. కుర్రాళ్ళు ఊరి బయటికి పోయి ఆడుకుంటారు. "భాయ్‌సాబ్, ఓడ కట్టడానికి మేం కావాలి, బంతి వెయ్యడానికి వద్దు" అన్నాడు.

కౌంటరు వెనక గోడమీద రెఫరెండం పోస్టరు. జూన్ 8, 9 తేదీల్లో అయిదు ప్రశ్నల మీద ఓటింగు. నాలుగు ఉద్యోగాల చట్టాలకి సంబంధించినవి, అయిదోది పౌరసత్వం. ఇటలీలో పదేళ్ళు నివాసముంటే గానీ దరఖాస్తు చెయ్యలేని రూలుని అయిదేళ్ళకి తగ్గించాలా అన్నది ప్రశ్న. ఓనరు కూతురు ఇక్కడే పుట్టింది. బల్లలు తుడుస్తూ ఇటాలియన్లో ఎవరినో ఆటపట్టిస్తోంది. విదేశీ తల్లిదండ్రులకి పుట్టిన పిల్లలు 18 ఏళ్ళు నిండాకే సొంతంగా అర్జీ పెట్టుకోగలరు. "ఈ పోస్టరు మీరే పెట్టారా?" అంటే "యూనియన్ వాళ్ళు పెట్టారు. నాకు ఓటెక్కడిది?" అన్నాడు.

మే 11, 12. బొలోన్యా

స్టేషన్‌లోనే ఆగిపోయాం. బయట గోడకి ఉన్న గడియారం 10:25 దగ్గర నిలిచిపోయి ఉంటుంది. 1980 ఆగస్టు 2, శనివారం, సెలవులకి ఊళ్ళెళ్ళే జనంతో రెండో తరగతి వెయిటింగ్ హాలు కిటకిటలాడుతున్నప్పుడు ఒక సూట్‌కేసులో పెట్టిన బాంబు పేలింది. 85 మంది చచ్చిపోయారు, 200 మందికి పైగా గాయపడ్డారు. హాలు ఇప్పటికీ వెయిటింగ్ హాలే. జనం బ్యాగులు పెట్టుకుని కూర్చుంటారు, పిల్లలు చిప్స్ తింటారు. ఒక గోడ మాత్రం పగిలినచోట అలాగే వదిలేసి అద్దం బిగించారు. బాంబు పేలిన చోట నేలలో గుంట. పైన పాలరాతి మీద పేర్లు, పక్కన వయసులు. మూడేళ్ళ పాప ఉంది, జపాన్ నుంచి వచ్చిన ఇరవై ఏళ్ళ విద్యార్థి ఉన్నాడు. పేర్ల పైన "ఫాసిస్టు ఉగ్రవాదానికి బలైనవారు" అని చెక్కారు. ఆ ఒక్క మాట అక్కడ ఉండాలా వద్దా అని దశాబ్దాల పాటు గొడవ. కోర్టుల్లో నియో ఫాసిస్టు ముఠాలో ఇద్దరికి 1995లో శిక్ష ఖాయమైంది. తర్వాత ఇంకొందరికి పడింది. 2022లో కూడా ఒకడికి యావజ్జీవం వేశారు. నలభై ఏళ్ళు దాటినా ఊరు కేసు వదల్లేదు.

మేనల్లుడు వచ్చేసరికి నేనింకా పేర్లు చదువుతున్నాను. "మావయ్యా, ఆ రోజు శవాల్ని 37 నంబరు సిటీ బస్సులో తీసుకెళ్ళారు. అంబులెన్సులు బతికున్నవాళ్ళకి కావాలని" అన్నాడు. వాడు ఈ ఊరికొచ్చి రెండేళ్ళు కాలేదు, స్థానికుడిలా చెబుతున్నాడు. కిటికీలకి తెల్ల దుప్పట్లు కట్టిన ఆ బస్సు గురించి ఈ ఊళ్ళో తెలియనివాళ్ళు ఉండరట.

సరే, వాడి సంగతి. ఇటలీలో చదువుకి ఈమధ్య మన పిల్లలు బాగానే వస్తున్నారు. ఫీజు కుటుంబం ఆదాయాన్ని బట్టి ఉంటుంది, ప్రాంతీయ ప్రభుత్వం స్కాలర్‌షిప్ కూడా ఇస్తుంది. మన తహసీల్దారు సంతకం పెట్టిన ఆదాయ ధ్రువపత్రం ముద్రలేయించుకుని, ఇటాలియన్‌లోకి అనువాదమై, ఇక్కడి కంప్యూటర్లలోకి ఎక్కుతుంది. అంతవరకూ బాగానే ఉంది. చిక్కంతా గది దగ్గర. వచ్చిన కొత్తల్లో హాస్టల్ బంకు మీద పడుకుని ఇళ్ళు వెతికాడు. ఫోన్లో సరేనన్నవాళ్ళు, పేరు చెప్పగానే గది అయిపోయిందన్నారు. ఇప్పుడు ముగ్గురు తెలుగు కుర్రాళ్ళు ఒక గదిలో, మంచానికి 350 యూరోలు. వాళ్ళల్లో ఒకడు కరీంనగర్, ఒకడు ఖమ్మం. సింగిల్ గది అంటే 500 దాటుతుంది. వెనిస్‌లో మంచాలు తినేసిన టూరిస్టుల అద్దెలే ఇక్కడ విద్యార్థుల గదుల్నీ తినేస్తున్నాయని వాడి అభిప్రాయం. అది కొంత నిజమే, కానీ యూనివర్సిటీలు పిల్లల్ని పిలిచినంత జోరుగా హాస్టళ్ళు కట్టకపోవడం కూడా ఉంది. 2023లో ఇటలీ అంతటా విద్యార్థులు యూనివర్సిటీల ముందు గుడారాలు వేసుకుని పడుకున్నది ఈ బాధతోనే.

సోమవారం వాడికి నివాస పత్రం పని ఉందంటే నేనూ కూడా వెళ్ళాను. బొలోన్యా మున్సిపల్ ఆఫీసులు స్టేషన్ వెనక కొత్త అద్దాల భవనాల్లో ఉన్నాయి. టోకెన్ నంబరు, తెర మీద పిలుపు, మన మీసేవ సెంటర్లలో కనిపించే విసుగు మొహాలే. నన్ను పట్టేసింది ఆ చౌకు పేరు. పియాత్సా లిబెర్ పారదీసూస్. 1256లో బొలోన్యా నగరపాలన ప్రభువుల దగ్గరున్న బానిస రైతుల్ని డబ్బిచ్చి విడిపించింది. 14 ఏళ్ళు దాటినవాళ్ళకి తలకి 10 వెండి లీరాలు, లోపువాళ్ళకి 8. మొత్తం 5,800 మందికి పైగా. విడిపించినవాళ్ళ పేర్లు, యజమానుల పేర్లు 1257లో ఒక రిజిస్టరులో ఎక్కించారు, దాని పేరే ఈ చౌకుకి. అందులో దయ ఎంతుందో నాకు తెలీదు గానీ లెక్క మాత్రం స్పష్టంగా ఉంది: బానిస పన్ను కట్టడు, స్వేచ్ఛ ఉన్నవాడు కడతాడు. ఊరికి మనుషులు కావాలి, మనుషుల్ని కొని మరీ చేర్చుకుంది. ఆ పేరున్న చౌకులో మా వాడు అడ్రసు రుజువు లేదని మూడోసారి వెనక్కొచ్చాడు. ఓనరు ఒప్పందం కాగితం రిజిస్టరు చెయ్యలేదు. ఒప్పందం లేకపోతే నివాస పత్రం లేదు, అది లేకపోతే ఫ్యామిలీ డాక్టర్ని పెట్టుకోవడం కూడా కష్టమే.

ఎండ గట్టిగానే ఉంది కానీ తిరిగొచ్చేటప్పుడు నెత్తిన ఎండ పడలేదు. ఊరంతా వరండాలే. 1288లో చట్టం చేశారు: కొత్త ఇల్లు కట్టే ప్రతివాడూ ముందు వరండా కట్టాలి, సొంత ఖర్చుతో బాగుచేయించాలి, కానీ దారి జనానిది. గుర్రమెక్కినవాడు తల తగలకుండా పోయేంత ఎత్తు ఉండాలి. ఊళ్ళో మొత్తం 62 కిలోమీటర్లు ఉన్నాయి, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. రోడ్డు మీదికి మెట్లు, అరుగులు జరుపుకునే వాళ్ళతో ఉద్యోగమంతా పోట్లాడినవాడిని నేను. సొంత స్థలంలోంచి రోడ్డుకిచ్చిన ఊరిని చూడ్డానికి ఈ ప్రయాణం ఖర్చు పెట్టొచ్చు.

రాత్రి కుర్రాళ్ళు వండారు. గుత్తి వంకాయ, రసం. వంట గదిలో నలుగురికి చోటు లేదు, వంతుల వారీగా తిన్నాం. అంతకు ముందు మధ్యాహ్నం తాల్యతెల్లె రగూ, అంటే మాంసం కూరతో కలిపిన పాస్తా తిన్నాను, 13 యూరోలు. మా ఆవిడకి గుమ్మడికాయ కూరిన పాస్తా దొరికింది. తియ్యగా ఉందని సగం నాకే తోసింది.

మే 13. ఫ్లోరెన్స్

ఒక్క పూటే. అంతకు మించి నిలబడలేకపోయాం, జనం అలా ఉన్నారు. సిన్యోరియా చౌకు నేలలో గుండ్రటి రాయి ఉంది, 1498 మే 23న సవొనరోలా అనే సన్యాసిని అక్కడ ఉరితీసి కాల్చారు. అంతకు ఏడాది ముందు అదే చౌకులో ఆయన అద్దాలూ బొమ్మలూ తగలబెట్టించాడు. దగ్గర్లోని కొత్త మార్కెట్ మండపం స్తంభాల్లో మికేలే ది లాందో విగ్రహం ఉంది. 1378లో ఉన్ని దువ్వే కూలీలు తిరగబడి, సంఘం పెట్టుకునే హక్కు అడిగి, కొన్నాళ్ళు ఊరినే ఏలినప్పుడు ముందు నిలిచినవాడు. ఆఖర్న వాళ్ళని అణచినవాడూ అతనే. విగ్రహం ముందు బెల్టులూ హ్యాండ్ బ్యాగులూ అమ్ముతున్నారు. ఆవు కడుపు ఉడికించి రొట్టెలో పెట్టే లాంప్రెదొత్తో ఆ కూలీల తిండేనట, నేను తిన్నాను, మా ఆవిడ అటు తిరిగి నిలబడింది.

పాత ఊళ్ళో గుమ్మాల పక్కన తాళాల డబ్బాలు పెట్టకూడదని 2025 నుంచి నిషేధం. ఓనరు మొహం చూపించకుండా టూరిస్టుకి తాళం అందించే డబ్బాలవి. ఊడదీసిన చోట గోడకి మేకుల గుర్తులు మిగిలాయి.

మే 14 నుంచి 16. రోమ్

ఆ నెల్లోనే కొత్త పోప్ ఎన్నికయ్యారు, పైగా కాథలిక్కులకి పాతికేళ్ళకోసారి వచ్చే జూబిలీ సంవత్సరం. వాటికన్ వైపు అడుగు పెట్టే పరిస్థితి లేదు, మేమూ పట్టుబట్టలేదు. వయా కయెతానీ అనే చిన్న వీధికి వెళ్ళాం. 1978 మే 9న మాజీ ప్రధాని ఆల్దో మోరో శవాన్ని ఒక ఎర్ర రెనో కారు డిక్కీలో ఇక్కడ వదిలేశారు రెడ్ బ్రిగేడ్స్ అనే తీవ్ర వామపక్ష ముఠా వాళ్ళు. మార్చి 16న ఆయన్ని ఎత్తుకుపోయేటప్పుడు అయిదుగురు అంగరక్షకుల్ని కాల్చేశారు. 55 రోజులు దాచి, చంపి, తెచ్చి పెట్టిన చోటు చూడండి: ఆయన సొంత పార్టీ ఆఫీసూ, కమ్యూనిస్టు పార్టీ ఆఫీసూ రెండూ నాలుగడుగుల దూరంలో. ఆ రెండు పార్టీల్నీ దగ్గరికి చేరుస్తున్నాడన్నదే ఆయన మీద కోపం. అక్కడున్న పలక కింద దండలు ఇంకా వాడలేదు, మే 9 వెళ్ళి కొన్ని రోజులే అయింది. బొలోన్యాలో అటువైపు బాంబు, ఇక్కడ ఇటువైపు తుపాకీ. 1970ల చుట్టూ ఆ పదిహేనేళ్ళూ ఇటలీలో రోడ్డెక్కితే ఏ వైపునుంచి ఏమొస్తుందో తెలీని టెన్షన్.

నడిస్తే అయిదు నిమిషాల్లో రోమ్ యూదుల వాడ. ఇక్కడ 1555లో పోప్ గోడ కట్టించాడు, ఆ నిర్బంధం 1870 దాకా సాగింది. 1943 అక్టోబర్ 16న నాజీలు పట్టుకున్నవాళ్ళలో వెయ్యిమందికి పైగా ఆష్‌విట్జ్ మరణ శిబిరానికి పంపారు, 16 మంది తిరిగొచ్చారు. అంతకు ముందు నెలలో 50 కిలోల బంగారం ఇస్తే వదిలేస్తామన్నారు, వాళ్ళు పోగుచేసి ఇచ్చారు కూడా. వీధిలో పువ్వులా విచ్చుకునేలా నూనెలో వేయించిన ఆర్టిచోకు 7 యూరోలు. మా ఆవిడకి ఇటలీలో మనసారా నచ్చిన మొదటి వస్తువు.

మూడో రోజు పొద్దున ఎస్క్విలీనో మార్కెట్‌కి వెళ్ళాం. కరివేపాకు, మునక్కాడలు, కాకరకాయలు. మా ఆవిడ వంకాయలు గిల్లి చూస్తుంటే పక్కన తలపాగా ఉన్న ఒక పెద్దాయన నవ్వి "ఎక్కణ్ణుంచి?" అని హిందీలో అడిగాడు. ఆయనది జలంధర్ దగ్గరి పల్లె. రోమ్‌కి దక్షిణంగా లతీనా జిల్లాలో పొలం పని. ముస్సోలినీ కాలంలో చిత్తడి నేలలు ఎండగట్టి ఊళ్ళు కట్టిన ప్రాంతం అది. ఇప్పుడక్కడ కూరగాయల గ్రీన్‌హౌసుల్లో వేలమంది సిక్కులు పనిచేస్తున్నారు. కాగితం మీద ఒక కూలి, చేతికి ఇంకో కూలి, నడుమ మేస్త్రీ వాటా. 2016 ఏప్రిల్‌లో వాళ్ళంతా లతీనా చౌకులో సమ్మెకి దిగారు, ఆ ఏడాదే మేస్త్రీల దోపిడీ మీద కొత్త చట్టం వచ్చింది.

"చట్టం వచ్చింది, సత్నామ్ పోయాడు" అన్నాడాయన. 2024 జూన్‌లో సత్నామ్ సింగ్ చెయ్యి పొలంలో యంత్రంలో పడి తెగిపోయింది. యజమాని ఆసుపత్రికి తీసుకెళ్ళకుండా, తెగిన చేతిని పళ్ళ పెట్టెలో పెట్టి, అతని ఇంటి ముందు దింపిపోయాడు. రెండు రోజుల తర్వాత రోమ్ ఆసుపత్రిలో చనిపోయాడు. వయసు 31. పనికి కాగితాలు లేవు. పెద్దాయన ఇది చెబుతూ మా ఆవిడ సంచీలోకి రెండు మునక్కాడలు ఎక్కువ వెయ్యమని కొట్టువాడికి సైగ చేశాడు.

మే 17, 18. నేపుల్స్

ఊరంతా నీలం. ఫుట్‌బాల్ లీగ్ టైటిల్‌కి నాపోలి జట్టు అంగుళం దూరంలో ఉంది. బాల్కనీ నుంచి బాల్కనీకి రిబ్బన్లు, దేవుడి గూళ్ళలో మారడోనా. ఆదివారం రాత్రి పార్మాతో మ్యాచ్ 0-0. వీధిలో కుర్చీలేసుకుని చూస్తున్నవాళ్ళు తిట్టిన తిట్లకి అర్థం అడగాల్సిన పని పడలేదు. కప్పు మేం వచ్చేశాక, 23న దక్కింది.

పియాత్సా మెర్కాతో పెద్దదే గానీ బోసిగా, కార్లు నిలిపి ఉంది. 1647 జులై 7న ఇక్కడే పళ్ళ మీద వేసిన కొత్త పన్నుకి తిరుగుబాటు లేచింది. ముందు నడిచినవాడు మజానియెల్లో, చేపలమ్ముకునే కుర్రాడు, 27 ఏళ్ళు. కొన్ని రోజులు స్పెయిన్ వైస్రాయిని గడగడలాడించాడు. 16న పక్కనున్న కార్మినే చర్చి మఠంలో చంపేశారు. తల నరికి ఊరేగించిన జనమే మర్నాడు రొట్టె ధర పెరగ్గానే ఏడ్చి, పెద్ద అంత్యక్రియలు చేశారు. పళ్ళ మీద పన్ను వేసే ముందు మా కౌన్సిలర్లకి ఈ కథ చదివి వినిపించాల్సింది.

చెత్త నేను ప్రత్యేకంగా చూశాను. పాత ఊళ్ళో పొద్దున్నే ఎత్తేస్తున్నారు, సందుల్లో మాత్రం మధ్యాహ్నానికి మళ్ళీ సంచులు. 2008లో ఇక్కడ చెత్త నెలల తరబడి రోడ్ల మీదే పేరుకుపోయింది, పారబొయ్యడానికి చోటు లేక రైళ్ళలో జర్మనీకి పంపారు. అది కంటికి కనిపించిన చెత్త. ఊరికి ఉత్తరాన పొలాల్లో ఫ్యాక్టరీల విష వ్యర్థాలు పాతిపెట్టి, తగలబెట్టి, కమొర్రా అనే ఇక్కడి మాఫియా ముఠాలు ఏళ్ళ తరబడి డబ్బు చేసుకున్నాయి. 2025 జనవరి 30న యూరోపియన్ మానవ హక్కుల కోర్టు ఇటలీ తన ప్రజల ప్రాణాలు కాపాడడంలో విఫలమైందని తీర్పిచ్చింది. ఎవరి ప్రాంతం నుంచి వ్యర్థాలొచ్చాయి, ఎవరు చవగ్గా వదిలించుకున్నారు అన్నది అడిగితే కథ ఉత్తరాది ఫ్యాక్టరీల దాకా పోతుంది.

ఇంకో వైపు పొత్సువోలీ దగ్గర భూమి ఊగుతోంది. మేం రావడానికి ముందు, మే 13నే 4.4 తీవ్రతతో కంపించింది. మా గది ఇచ్చినావిడ మంచం పక్కన చెప్పులు, టార్చిలైటు పెట్టుకుని పడుకుంటుంది. అలవాటైపోయిందని నవ్వింది. మార్గరీటా పిజ్జా 6 యూరోలు, ఇద్దరికి చాలింది, కొపెర్తోతో కలిపినా రోమ్ టిఫిన్ ఖర్చు కాలేదు. కాఫీ కొట్లో ఒకాయన రెండు కాఫీలకి డబ్బిచ్చి ఒకటే తాగి వెళ్ళాడు, రెండోది ఎవరైనా లేనివాడొచ్చి అడిగితే ఇస్తారట.

మే 20, 21. పలెర్మో

మే 23 దగ్గరపడుతోంది. 1992లో ఆ రోజు కపాచీ దగ్గర హైవే కింద బాంబు పెట్టి జడ్జి జొవాన్నీ ఫాల్కోనేని, భార్యని, ముగ్గురు అంగరక్షకుల్ని మాఫియావాళ్ళు చంపారు. జులై 19న ఇంకో జడ్జి పావొలో బోర్సెల్లీనోని, అయిదుగురు అంగరక్షకుల్ని. ఫాల్కోనే ఇంటిముందు చెట్టుకి పిల్లలు రాసిన ఉత్తరాలు కడుతున్నారు.

నేను చూడాలనుకున్నది వేరే. వయా అల్ఫియేరీలో లీబెరో గ్రాస్సీని కాల్చిన చోటు. పైజామాలు, లోదుస్తులు కుట్టించే ఫ్యాక్టరీ ఓనరు. మాఫియా మామూలు అడిగితే ఇవ్వనన్నాడు. ఇవ్వనని 1991 జనవరి 10న పేపర్లో బహిరంగ ఉత్తరం రాశాడు. తోటి వ్యాపారులు మెచ్చుకోలేదు, అనవసరంగా గోల చేస్తున్నాడన్నారు. ఆగస్టు 29 పొద్దున ఇంట్లోంచి బయటికి రాగానే కాల్చేశారు. ఇటలీ అంతటా పాలరాతి పలకలు చూసి వచ్చానా, ఇక్కడ పలక లేదు. కుటుంబం వద్దంది. ప్రతి ఏటా ఆగస్టు 29న పేవ్‌మెంటు మీద ఎర్ర రంగు పోసి, గోడకి చేత్తో రాసిన కాగితం అంటిస్తారు. మాఫియా చంపింది, పరిశ్రమల సంఘం మౌనం చంపింది, పార్టీల పట్టనితనం చంపింది, ప్రభుత్వం లేకపోవడం చంపింది అని అందులో ఉంటుంది. మేం వెళ్ళేటప్పటికి రంగు వెలిసి మట్టి రంగులోకి తిరిగింది. కాగితం అంచులు లేచిపోయాయి. పక్క బట్టల షాపు అమ్మాయి మమ్మల్ని చూసి, అడక్కుండానే వేలితో చోటు చూపించింది.

2004 జూన్ 29న పొద్దున లేచి చూస్తే ఊరంతా గోడలకి నల్ల అంచు స్టిక్కర్లు: మామూలు కట్టే జాతికి మర్యాద లేదని. కొందరు కుర్రాళ్ళు రాత్రికి రాత్రి అంటించారు. అదే తర్వాత అడ్డియోపిత్సో సంఘమైంది. మామూలు ఇవ్వం అన్న కొట్లు ఆ స్టిక్కరు అద్దానికి పెట్టుకుంటాయి, మనం అక్కడే కొనాలని. శనగపిండి ఉడికించి, పలచగా కోసి, నూనెలో వేసే పనెల్లే అలాంటి ఒక కొట్లోనే తిన్నాం. లోపల ఏ కూరా పెట్టని బజ్జీ అనుకోండి. రొట్టెతో కలిపి 3 యూరోలు. మా ఆవిడ రెండోది కట్టించుకుంది.

పియాత్సా క్రోచీ దగ్గర ఒక ఖాళీ స్థలం ఉంది, పార్కింగు. అక్కడ విల్లా దెలియెల్లా అనే అందమైన బంగళా ఉండేది. 1959 నవంబర్ 28, శనివారం సాయంత్రం కూల్చడం మొదలెట్టారు. శనివారం ఎందుకో మున్సిపాలిటీలో చేసినవాడికి చెప్పక్కర్లేదు, సోమవారం దాకా స్టే తెచ్చేవాడు ఉండడు. ఆ ఏళ్ళలో చాంచిమీనో అనే నాయకుడు మున్సిపాలిటీ పబ్లిక్ వర్క్స్ చూసినప్పుడు వేల బిల్డింగ్ లైసెన్సులు కట్టుబడితో సంబంధం లేని కొద్దిమంది బినామీల పేర్ల మీద వెళ్ళాయి. నిమ్మ తోటలు పోయి అపార్ట్‌మెంట్లు లేచాయి. ఇందులో నేను ఆశ్చర్యపోయింది ఒక్కటే, ఆ స్థలంలో ఇప్పటిదాకా ఏమీ కట్టలేదు.

ఆఖరి సాయంత్రం వయా మక్వేదాలో. 2016లో ఈ వీధిలోని బంగ్లాదేశీ కొట్లవాళ్ళు, తమని మామూళ్ళ కోసం కొట్టి దోచుకుంటున్న ముఠా మీద కలిసికట్టుగా పోలీసులకి చెప్పారు. కోర్టుకెళ్ళి సాక్ష్యం ఇచ్చారు, శిక్షలు పడ్డాయి. గ్రాస్సీ ఒంటరిగా చేసిన పని వీళ్ళు పదిమంది కలిసి చేశారు. నేను నీళ్ళ సీసా కొన్న కొట్టాయన్ని ఆ సంగతి అడిగితే "పాత మాట" అని తోసేశాడు. పిల్లల చదువులు, జూన్ ఓటు గురించి మాత్రం గంట మాట్లాడాడు. సీసాకి డబ్బులు తీసుకోలేదు.

ఓటింగు జూన్ 8, 9న అయింది. సగం మంది పైగా ఓటెయ్యకపోతే రెఫరెండం చెల్లదు. వచ్చింది 30 శాతం చిల్లర. ఓటేసినవాళ్ళలో పౌరసత్వం ప్రశ్నకి దాదాపు 65 శాతం అవునన్నారు, అయినా లాభం లేదు. పదేళ్ళు పదేళ్ళే. మేనల్లుడు ఆ రాత్రి ఫోన్ చేసి అది కాసేపు చెప్పి, అసలు సంగతికొచ్చాడు. ఓనరు ఆగస్టు నెలాఖరుకి గది ఖాళీ చెయ్యమన్నాడట, టూరిస్టులకి ఇచ్చుకుంటాడట. బొలోన్యాలో తెలిసినవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి. మంచానికి 350 దాకా పర్లేదు, ఒప్పందం కాగితం మాత్రం ఇవ్వాలి.